బుట్టలో వేసుకునే పనితనం

పొదిలి చుట్టుపక్కల పత్తి చేలల్లో, మొక్కల కొనలకు అడుగు ఎత్తున కర్రలకు కట్టే లింగాకర్షక బుట్ట పురుగును చంపేస్తుందని ఆశపడితే నిరాశే. పడేవన్నీ మగ రెక్కల పురుగులు. గుడ్లు పెట్టే ఆడవి చేలోనే ఉంటాయి. కబురు చెప్పడంలో మాత్రం దాన్ని మించింది లేదు.

దాని అమరిక చూడండి. పైన గొడుగులాంటి మూత, దాని అడుగున ఆడ పురుగు వాసన పట్టించిన చిన్న రబ్బరు బిళ్ల, కింద గరాటు, గరాటుకు తొడిగిన పొడవాటి పాలిథిన్ సంచి. మూతకీ గరాటుకీ నడుమ అన్ని వైపులా ఖాళీ. గాలి ఎటు వీచినా వాసన మోసుకుపోతుంది, ముసురు పట్టినా బిళ్ల తడవదు. వాసన వెంట వచ్చిన పురుగు బిళ్ల చుట్టూ తిరిగి తిరిగి గరాటులోకి జారుతుంది. ఆపైన సంచి గోడలకు కొట్టుకోవడమే గానీ వచ్చిన సన్నటి దారి మళ్లీ దొరకదు. మీట లేదు, స్ప్రింగు లేదు, కరెంటు లేదు.

అసలు నేర్పు బిళ్లలో ఉంది. పత్తి కాయల్ని తొలిచే గులాబీ రంగు పురుగులో ఆడదాని వాసన ఇదేనంటూ 1966లో అమెరికా శాస్త్రవేత్తలు ప్రొపిల్యూర్ అనే పదార్థాన్ని ప్రకటించారు. చేలో మగ పురుగు దాని మొహం చూడలేదు! 1973లో గానీ గుట్టు తెలియలేదు: ఒకే పదార్థం రెండు రూపాల్లో, సగానికి సగం కలవాలి. పదహారు కార్బన్ల గొలుసులో ఒక్క ద్విబంధం తిరిగిన తీరే ఆ రెంటికీ తేడా. ఆ మిశ్రమమే గాసిప్లూర్. శనగపచ్చ పురుగుకూ, పొగాకు లద్దెపురుగుకూ వేరే ఎరలున్నాయి. 2021లో మిరపను ఊడ్చేసిన నల్ల తామర పురుగుకైతే ఈ బుట్టతో పనే లేదు, జిగురు పూసిన నీలం అట్టలు కావాలి.

గులాబీ రంగు పురుగు కాయలోకి దూరాక రంధ్రం పూడిపోతుంది. కాయ పైకి నవనవలాడుతూనే ఉంటుంది. రాత్రులు చల్లబడి మంచు కురిసే రోజుల్లో దీని ఉధృతి ఎక్కువ. కాబట్టి బుట్ట లెక్కే ఆధారం: వరుసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిదేసి పురుగులు పడితే ఇక మందు కొట్టకుండా ఆగకూడదు. అయితే ఎండ ముదిరితే ఎర తొందరగా ఆవిరైపోతుంది, ఈదురుగాలికి పురుగు సరిగా ఎగరదు. కాబట్టి ఖాళీ సంచిని చూసి మురిసిపోయే ముందు రాత్రి గాలి ఎలా ఉందో గుర్తు చేసుకోవాలి.

ఇంత చక్కటి పరికరానికి ఆ సంచే తీరని లోటు. ఎండకు పెళుసై చిరుగుతుంది, చీమలు చేరి పడ్డ పురుగుల్ని లాక్కుపోతాయి, లెక్క తప్పుతుంది. పొద్దున్నే విప్పి, ఎంచి, దులిపి మళ్లీ కట్టుకోవాల్సిందే.