గుండ్రం ఎక్కడ తెగింది?

ఈమధ్య మేడ్చల్ వైపు ఒక హైస్కూలు వార్షికోత్సవానికి వెళ్లాం. చివరన తండా ఆడపిల్లల ఆట. పేటియా, కాంచళి, టుక్రి వేసుకుని పదిమంది స్టేజీ ఎక్కారు. ఇంటి దగ్గర తీజ్ పండుగకు మొలకల బుట్టల చుట్టూ గుండ్రంగా తిరుగుతూ ఆడే ఆట అది. స్టేజీ మీద రెండు వరుసలైంది. గుండ్రంగా తిరిగితే సగంమంది వీపులే కనబడతాయని, అందరూ జనం వైపే చూడాలని సార్లు చెప్పారట. ఎదురుగా పెట్టిన ఫోకస్ లైట్లకు బట్టల మీది అద్దాలు మెరిసి ముందు కూర్చున్నవాళ్ల కళ్లలో కొట్టాయి. పాట మైకు నగారా పక్కనే ఉండడంతో గోర్‌బోలి మాట ఒక్కటీ వినబడలేదు. చప్పట్లు మాత్రం బాగానే పడ్డాయి.

పిల్లల ఆటలో తప్పేమీ లేదు. మా పేచీ ఆ స్టేజీతోనే. మూడు వైపులా మూసి, ఒక వైపు నుంచే చూడమనే పెట్టె అది. మన ఆటలు అలా పుట్టలేదు. లంబాడీ ఆటైనా, గోండుల దండారి అయినా, కోయల రేలా అయినా ఊరి నడుమ, నాలుగు దిక్కులా జనం ఉండగా పుట్టినవి. స్టేజీ సంగతి తెలిసినవాళ్లు ఒక్కరున్నా ఆటను కిందికి, బడి ఆవరణలోకి దింపి చుట్టూ బెంచీలు వేసేవాళ్లు. లైట్లు పైనుంచీ పక్కనుంచీ పడేలా కట్టేవాళ్లు. మైకును నగారాకు దూరంగా, పాడే పిల్లకు దగ్గరగా పెట్టేవాళ్లు. ఇందులో అదనపు ఖర్చు పెద్దగా లేదు, తెలియాల్సిందే ఉంది.

ఆ రోజు లైట్లూ మైకూ చూసుకున్నది టెంట్ హౌస్ వాళ్లు. తండా పిల్లలకు దక్కింది ఆట ఒక్కటే. ఎక్కడ సభ జరిగినా ఇదే వరస. అతిథుల ముందు ఆడమని మనల్ని పిలుస్తారు, స్విచ్ బోర్డు దగ్గరకు పిలవరు. మనల్ని ఎలా చూపించాలో తేల్చేది ఆ బోర్డు దగ్గర నిలబడ్డ చెయ్యి.

నేర్చుకుంటే వచ్చే విద్యే ఇది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో 'కీచకవధ'తో మొదలైన సురభి కుటుంబాలు అంతకుముందు తోలుబొమ్మలాట ఆడినవాళ్లు. 'మాయాబజార్'లో లడ్డూలు తమంతట తామే కదలడం, నారదుడు గాలిలో దిగడం, బాణాలు ఆకాశంలో ఢీకొనడం, అన్నీ తీగలతో, తెరలతో వాళ్ల చేతుల మీద జరిగే పని. పిల్లలు తెర పక్కన పెరుగుతూ నేర్చుకుంటారు. ఆ కుటుంబాలు ఉండే శేరిలింగంపల్లి సురభి కాలనీ మేడ్చల్, శామీర్‌పేట బడుల నుంచి ఒక రోజులో వెళ్లి రాగల దూరమే. ఇంట్లో పుట్టినవాళ్లకే దక్కుతున్న ఆ చదువు బడిలోకి ఎందుకు రాకూడదు?

దానికి కొత్త పుస్తకం కూడా అక్కర్లేదు. పదో తరగతిలో కాంతి ఉంది, విద్యుత్తు ఉంది. 230 వోల్టుల మీద 1000 వాట్ల లైటు సుమారు 4.3 ఆంపియర్లు తీసుకుంటుంది. 16 ఆంపియర్ల సాకెట్టుకు అలాంటివి మూడు ఆగుతాయి, నాలుగోది పెడితే పరిమితి దాటుతుంది. ఈ లెక్కను నల్లబల్ల మీద మరిచిపోయే పిల్ల స్టేజీ వెనక మరిచిపోదు.

అహ్మదాబాద్ ఛారానగర్‌లో ఛారా యువకులు 1998 నుంచి బుధన్ థియేటర్ నడుపుతున్నారు. మన ఎరుకలవాళ్లలాగే నేరస్థ జాతుల చట్టం దెబ్బ తిన్నవాళ్లు వాళ్లు. పోలీసు కస్టడీలో చనిపోయిన బుధన్ సబర్ మీద నాటకం కట్టారు. సెట్టింగులు లేకుండా వీధిలోనూ ఆడతారు. అలాగైతే మనకూ లైట్లెందుకని కొందరు అడగవచ్చు. తెలిసి వద్దనుకోవడం వేరు, తెలియక లేకుండా ఉండడం వేరు.

సార్లను, మేడమ్‌లను మేము అడిగేది చిన్న పని. వచ్చే వార్షికోత్సవానికి తండా పిల్లల్లో నలుగురికి లైటు, మైకు, తెర, సామాను అప్పజెప్పండి. కరెంటు పని తెలిసిన పెద్దవాళ్లు పక్కన ఉండాలి. ముందు రోజే ఒకసారి రిహార్సల్ చేయించండి. ఆహ్వానపత్రికలో ఆడేవాళ్ల పేర్ల కింద ఆ నలుగురి పేర్లూ వేయండి. ఆటను వరుస కట్టించాలా, గుండ్రంగానే ఉంచాలా అన్నది ఆ పిల్లలనే తేల్చనివ్వండి.