పులిజూదంలో పులి బలమెంత?

పులి పేరు చెబితే భయమూ, మేక పేరు చెబితే జాలీ కలగడం సహజం. పులిజూదం ఆడేవారిలో కూడ ఈ భావమే కనిపిస్తుంది. పులులు పట్టినవాడు బలవంతుడనీ, మేకలు పట్టినవాడు ఓర్పుతో నెట్టుకురావలసినవాడనీ సామాన్యంగా అనుకుంటారు. ఈ అభిప్రాయం ఎంతవరకు సరియైనది? పులి బలాన్ని కొలిచే పద్ధతి ఏదైనా ఉన్నదా?

బల్లమీద బొమ్మల సైన్యాలతో ఆడే యుద్ధక్రీడలలో ఇట్టి ప్రశ్న నిత్యం వస్తుంది. 1824లో ప్రష్యా సైన్యం అలాంటి క్రీడను అధికారుల శిక్షణకు స్వీకరించింది. 1983లో ఇంగ్లండులో వెలువడిన వార్‌హామర్ అనే ఆటలో సేనానికి ఇన్ని పాయింట్లు అని వెల కడతారు. చదరంగంలో మంత్రి తొమ్మిది బంట్ల పెట్టు అనడం కూడ ఇట్టిదే. కాని ఖాళీ బల్లపై మూలనున్న మంత్రి 21 గడులకు పోగలదు. నడుమనున్న మంత్రి 27 గడులకు పోగలదు. ముక్క ఒకటే, బలం వేరు. 1950లో క్లాడ్ షానన్ యంత్రానికి చదరంగం నేర్పే విధానాన్ని వివరిస్తూ, ముక్కల వెలతోపాటు వాటి కదలికల సంఖ్యను కూడ లెక్కలో చేర్చడానికి కారణమిదే.

ఇదే కొలతను పులికి పెట్టి చూద్దాం. పులిజూదం పటంలో ఒక శిఖరం నుండి నాలుగు గీతలు కిందికి దిగుతాయి. వాటిని నాలుగు అడ్డగీతలు ఖండిస్తాయి. పై మూడు అడ్డగీతలు రెండు పక్కలకు సాగి, అక్కడ నిలువుగీతలతో కలుస్తాయి. అడుగు గీత మాత్రం త్రిభుజంతోనే ఆగుతుంది. శిఖరం 1, మూడు వరుసలలో 18, అడుగున 4, వెరసి 23 స్థానాలు. పులులు 3, మేకలు 15. పులి పక్క స్థానానికి జరగవచ్చు. లేదా పక్కనున్న మేకపైగా నేరుగా దూకి, ఆవలి స్థానం ఖాళీగా ఉంటే దానిని చంపవచ్చు. మేకలు చంపలేవు, పదిహేనింటినీ పెట్టేవరకు కదలనైనా లేవు. పులులను కదలకుండ కట్టివేయడమే వాటి గెలుపు.

ఒక పులిని కట్టడానికి ఎన్ని మేకలు కావాలి? శిఖరంలో ఉన్న పులికి నాలుగు పక్కస్థానాలు, వాటి వెనుక నాలుగు దూకుడు స్థానాలు ఉన్నాయి. అన్నీ నిండాలి, అంటే 8 మేకలు. రెండవ వరుస నడుమనున్న పులికీ 8 కావాలి. అడుగు మూలనున్న పులికి పక్కన రెండు, వెనుక రెండు, మొత్తం 4 చాలు. అదే పులి, అవే కోరలు. స్థానం మారగానే బలం సగమైంది!

మరొక విశేషం గమనించదగినది. పులి మరో పులిపైగా దూకలేదు. శిఖరంలోని పులికి కింద ఒక పులి నిలిస్తే 8కి బదులు 6 మేకలు, రెండు పులులు నిలిస్తే 4 మేకలే చాలును. తోడుగా వచ్చిన పులే గోడగా మారుతున్నది. మూడు పులులూ దూరదూరంగా 8 మేకల స్థానాలలో ఉంటే 24 మేకలు కావాలి, ఉన్నవి 15. మూలలలో చిక్కితే 12తోనే పని తీరుతుంది. ఒకే మేక రెండు పులులకు అడ్డు కావచ్చును గనుక ఇది మోటులెక్కయే. అయినా ఆట నడక ఇందులో స్పష్టంగా తెలుస్తుంది.

కావున పులిని మెచ్చుకోవలసినది ఆట తొలిభాగంలో. అప్పుడు మేకలు కదలలేవు, ఖాళీలు ఎక్కువ. మేకలన్నీ బతికి బయటపడితే 23 స్థానాలలో మిగిలే ఖాళీలు 5 మాత్రమే. అప్పటికి కొన్ని మేకలనైనా చంపని పులి, పేరుకే పులి. ఎదురు దెబ్బ తినదు, చావదు అనేవి దాని గొప్పలు. దారి మూస్తే ఏమీ చేయలేకపోవడం దాని లోపం.

చరిత్రలో దీనికి పోలిక పడమటి నెల్లూరు సీమలోనే ఉన్నది. ఆత్మకూరు దాటి పోతే కనిపించే ఉదయగిరి కొండ ఎత్తు సుమారు 3,000 అడుగులు. ఆ దుర్గం గజపతుల చేతిలో ఉండగా 1513లో కృష్ణదేవరాయలు ముట్టడించాడు. ఎత్తయిన కొండను ఒక్క దెబ్బతో గెలవడం సాధ్యం కాలేదు. ముట్టడి నెలల తరబడి సాగి, 1514లో కోట లొంగింది. దుర్గాన్ని కాచిన గజపతి బంధువు పట్టుబడ్డాడు. కొండపై సేనాని బలవంతుడే. రాకపోకలు నిలిచిన తరువాత ఆ బలం వినియోగానికి రాలేదు.

పులిజూదం పులులవైపు మొగ్గిన ఆట అనే మాట నిలవదు. పులి గొప్ప ముక్కయే. అయితే దాని బలం కోరలలో కంటె చుట్టూ ఉన్న ఖాళీలలోనే ఎక్కువగా ఉన్నది. విద్యార్థులు నల్లబల్లపై పటం గీసి, 23 స్థానాలలో ఒక్కొక్కదానికి ఎన్ని మేకలు కావాలో వ్రాసి చూస్తే, గణితం ఆటలో ఎంత దగ్గరగా ఉన్నదో వారికే బోధపడుతుంది.