బాన కడిగే చేతులు

జార్జియాలోని కఖేటి నుంచి వచ్చిన వైన్ తయారీదారు మా క్లబ్బులో మొదటి గ్లాసు పోయగానే రంగు దగ్గరే ఆగిపోయాం. తెల్లద్రాక్ష వైన్ తేనెరంగులో ఉంది! ర్కత్సితెలి అనే ఆ తెల్లద్రాక్ష రసాన్ని తొక్కలు, గింజలతో సహా క్వెవ్రిలో నెలల తరబడి ఉంచుతారు. క్వెవ్రి అంటే మూతి దాకా నేలలో పాతిన పెద్ద మట్టిబాన. లోపల తేనెమైనం పూత. ఆ చల్లదనంలోనే వైన్ పండుతుంది. 2013లో యునెస్కో ఈ పద్ధతిని మానవాళి వారసత్వంగా గుర్తించింది.

నోట్లో ముందు ఎండు ఆప్రికాట్ వాసన, వెనకే చిక్కటి డికాక్షన్ వగరు. ఆ వగరు తొక్క ఇచ్చింది, నాకెంతో నచ్చింది. అంతకన్నా నచ్చినవి ఆయన చేతులు. ఏటా బానలోకి దిగి, చెర్రీ బెరడు కుంచెతో గోడలు తోముతారట. కడిగిన నీళ్లు తాగేంత తేటగా వచ్చాకే పైకెక్కుతారట.