గొడ్ల డాక్టరు చేతులు

ఉస్మానియా హాస్టల్ పిల్లలు అన్నం పెట్టి సాకుతున్న గోధుమరంగు కుక్క ఒకటుంది. పోయిన వానాకాలంలో అక్కడి వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "సార్, గిది నడుస్తాంటే నెత్తురు చుక్కలు పడుతున్నయ్. జర వచ్చి చూడున్రి." వెళ్ళి చూస్తే కింద కోసుపువ్వులాగా పెరిగిన కంతి. వీధికుక్కల్లో ఎక్కువగా జతకట్టేటప్పుడు ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకునే క్యాన్సరిది. అంటుకునేది క్రిమి కాదు, క్యాన్సర్ కణమే. అలా అంటే నమ్మనివాళ్ళే ఎక్కువ.

మందుంది. విన్‌క్రిస్టిన్, వారానికో ఇంజక్షన్, నాలుగైదు వారాలు. చాలా కుక్కలకు కంతి ఆనవాలు లేకుండా కరిగిపోతుంది. ఈ మందు పుట్టింది మన పెరట్లో ఎవరూ నీళ్ళు పోయకపోయినా పూసే బిళ్ళగన్నేరు నుంచి. కాకపోతే నరంలోకే పోవాలి. ఒక్క చుక్క పక్కకు కారినా అక్కడి కండ కుళ్ళుతుంది. కాబట్టి కుక్క కదలకూడదు. మెడకు పట్టీ లేని, నన్ను ఎన్నడూ చూడని కుక్క.

నా వృత్తి అసలు విద్య ఇక్కడే ఉంది. ఎదురుగా వెళ్ళకూడదు, కళ్ళలోకి చూడకూడదు. పక్కకు తిరిగి కింద కూర్చుని, చెయ్యి అది వాసన చూసేదాకా ఆగాలి. తర్వాత గాజుగుడ్డ పట్టీని మూతి చుట్టూ వేసి, గడ్డం కింద మెలిపెట్టి, చెవుల వెనక జారుముడి వెయ్యాలి. సాయం పట్టే మనిషి దాన్ని ఒళ్ళోకి అదుముకుని, ముందుకాలు చాపి, మోచేతి మడత దగ్గర బొటనవేలితో నొక్కి కాస్త బయటికి తిప్పితే నరం ఉబ్బుతుంది. ఆ తిప్పడం ఏ పుస్తకంలో చదివినా రాదు. నాకు నేర్పిన సీనియర్ నా బొటనవేలి మీద తన బొటనవేలు పెట్టి తిప్పాడు. ఇప్పుడు నేనూ కొత్తగా వచ్చిన పిల్లలకు అలాగే నేర్పుతున్నాను.

మా చదువుకూ ఈ క్యాంపస్‌కూ పాత చుట్టరికం ఉంది. హైదరాబాద్ పశువైద్య కళాశాల 1946లో మొదలైంది. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చేదాకా దాని అనుబంధం ఉస్మానియాతోనే. ఇప్పుడది రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు పేరిట ఉన్న పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. అయిదున్నరేళ్ళ చదువు, ఆవు నుంచి కోడి దాకా అన్నీ. అంత చదివినా పెళ్ళిచూపుల్లో "అబ్బాయి డాక్టరే కానీ గొడ్ల డాక్టరు" అనే ఆ 'కానీ' మాత్రం పోలేదు.

తార్నాకలో సాయంత్రం ఆరు దాటితే క్లినిక్ నిండుతుంది. బల్ల మీదికి ఎక్కించకముందే సగం పరీక్ష అయిపోవాలి. కుక్క లోపలికి ఎలా నడిచింది, ఏ కాలు మీద బరువు వెయ్యలేదు, బుట్టలో పిల్లి నోరు తెరిచి ఊపిరి తీస్తోందా? నోరు తెరిచి ఊపిరి తీసే పిల్లి ఉంటే వరసలో ఎవరున్నా ఆగాల్సిందే. తర్వాత చేతులు. పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు గులాబీరంగు తిరిగి రావాలి. ఆలస్యమైతే నెత్తురు సరిగ్గా తిరగడం లేదు. చిగురే పాలిపోయి ఉంటే మన ఊళ్ళో మొదటి అనుమానం పిడుదుల జ్వరం. నాడి మణికట్టు దగ్గర దొరకదు. కుక్కకు తొడ లోపల, బర్రెకు తోక కింద. మనిషికి నూటొకటి జ్వరమైతే కుక్కకు అది మామూలు ఒంటివేడి. ఈ ఒక్క సంగతి తెలియక పారాసిటమాల్ మింగించి తెచ్చేవాళ్ళున్నారు. పిల్లికైతే అది విషం.

రక్తపరీక్ష యంత్రం నా దగ్గరా ఉంది. మంచిదే. కానీ ఏ పరీక్ష చేయించాలో చెప్పేది చెయ్యే.

ఇక నొప్పి ఉండేది బల్లకు ఇవతలి పక్కన. మనుషుల ఆస్పత్రిలోనైతే కొందరికి బీమా ఉంటుంది. ఇక్కడ గ్లూకోజ్ సీసా దగ్గర్నుంచి ఎక్స్‌రే దాకా అన్నీ జేబులోంచే. పార్వో వచ్చిన పిల్లకుక్కను తెచ్చిన ఇద్దరు విద్యార్థులు బల్ల కింద డబ్బులు లెక్కపెట్టుకోవడం నాకు కనిపిస్తూనే ఉంటుంది. తగ్గించి తీసుకుంటే నెలాఖరుకి అద్దె గుర్తొస్తుంది, తీసుకోకపోతే ఆ రాత్రి నిద్ర రాదు. అదే గంటలో ఇంకొకాయన ఇంజక్షన్‌కి ఇంతా అని గొడవ పెట్టుకుంటాడు. ఫోన్‌లో చదివొచ్చిన మందు పేరు చెప్పి అదే రాయమనేవాళ్ళు సరేసరి.

అన్నిటికన్నా బరువైనది ఆఖరి ఇంజక్షన్. పధ్నాలుగేళ్ళ లాబ్రడార్, కిడ్నీలు పోయాయి, నీళ్ళు కూడా కక్కుతోంది. "మీ కుక్కయితే ఏం చేస్తారు సార్?" అంటుంది ఆ ఇంటావిడ. జవాబు చెప్పకుండా తప్పించుకోవడం మర్యాద కాదని నా అభిప్రాయం. అందుకే చెబుతాను. ముందు మత్తిచ్చి, అది ఆమె ఒళ్ళో నిద్రపోయాకే రెండో సిరంజి తీస్తాను. ఆ నరం మాత్రం ఒక్క పోటుకే దొరకాలి. ఆమె వెళ్ళిన అయిదు నిమిషాలకు టీకాకి వచ్చిన పిల్లకుక్కను నవ్వుతూ ఎత్తుకోవాలి. అమెరికా, బ్రిటన్‌లలో పశువైద్యుల ఆత్మహత్యలు మామూలు జనంలో కన్నా ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. చదివినప్పుడు నేను ఆశ్చర్యపోలేదు.

ఇక్కణ్ణుంచి లాలాపేట వైపు వెళితే ఇంకా బర్రెలు కట్టేసిన దొడ్లు కనిపిస్తాయి. ఒక రాత్రి పదకొండింటికి పిలుపు వచ్చింది: ఈనలేకపోతోంది. దూడ బయటికి రావాల్సిన తీరు చెరువులోకి దూకే పిల్లాడిలా ఉండాలి. రెండు ముందుకాళ్ళు చాచి, వాటి మీద మూతి. చెయ్యి భుజం దాకా లోపలికి పెట్టి చూస్తే ఒక కాలు వెనక్కి మడిచి ఉంది. అప్పటికి ఇద్దరు మగవాళ్ళు తాడు కట్టి లాగుతున్నారు. లాగితే రాదు, చీరుకుంటుంది. ముందు నొప్పికీ నొప్పికీ మధ్య దూడను లోపలికే నెట్టాలి. చోటు దొరికాక, గిట్ట గర్భసంచిని చీల్చకుండా అరచేతిలో మూసిపట్టి కాలు ముందుకు తేవాలి. బర్రె నొప్పి తీసినప్పుడల్లా నా చెయ్యి దాని ఎముకకూ దూడకూ మధ్య నలిగేది. ముప్పావుగంట పట్టింది. దూడ పడ్డాక ఊపిరి లేదు. ముక్కులోకి గడ్డిపరక పొడిస్తే తుమ్మింది.

తెల్లారి ఆ బర్రె ఇంటి ముసలమ్మ స్టీలు డబ్బాలో ముర్రుపాలు పట్టుకొచ్చింది. "బిడ్డా, జున్ను వండుకో." దూడ తాగిందా అని అడిగాను. రాత్రే తాగిందట. అప్పుడు తీసుకున్నాను.

ఆమెకు చిన్నప్పటి పశువుల పెద్దరోగం (రిండర్‌పెస్ట్) గుర్తుంది. దొడ్డికి దొడ్డి ఖాళీ అయ్యేదట. మశూచి తర్వాత ప్రపంచంలో పూర్తిగా తుడిచిపెట్టుకుపోయిన రెండో జబ్బు అదే, 2011లో ప్రకటించారు. ఊరూరా తిరిగి టీకాలు వేసినవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. వాళ్ళూ గొడ్ల డాక్టర్లూ కాంపౌండర్లే.

మా బ్యాచ్‌లో ఒకామె పరిశోధన జంతువుల డాక్టరు. తార్నాకలో ఈ మాటకు చరిత్ర ఉంది. ఉస్మానియా పుట్టిన 1918లోనే మెకారిసన్ అనే వైద్యుడు కూనూరులో మొదలుపెట్టిన పరిశోధన 1958లో ఇక్కడికి వచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. దేశంలో ఒక్కో ప్రాంతపు భోజనం ఒక్కో గుంపు ఎలుకలకు పెట్టి చూసిన మనిషి ఆయన. మన పళ్ళెంలో ఏముండాలో చెప్పిన వాటిలో ఎలుకలూ ఉన్నాయన్నమాట. మా స్నేహితురాలు పొద్దున్నే బోను బోనుకూ వంగి చూస్తుంది. ఎలుక కంటి చుట్టూ ఎర్రటి మరక ఉంటే అది రక్తం కాదు, ఇబ్బందిలో ఉన్నప్పుడు కారే కన్నీరు. వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయా, గూడు కట్టుకోవడం మానేసిందా అని చూస్తుంది. మరీ బాధపడుతుంటే ప్రయోగం ఆపమని శాస్త్రవేత్తకు చెప్పేది ఆమే. 1960 నాటి క్రూరత్వ నివారణ చట్టం కింద ఉండే సంస్థల నైతిక కమిటీలో పశువైద్యుడికి కుర్చీ తప్పనిసరి. "నా రోగి బాగుపడి ఇంటికి పోవడం నేనెన్నడూ చూడలేదు" అందొకసారి, టీ తాగుతూ. నేనేమీ అనలేకపోయాను.

గోధుమరంగు కుక్క సంగతి. మొదటివారం అరగంట పట్టింది. రెండోవారం పార్లే-జీ ప్యాకెట్‌తో పని జరిగింది. మూడోవారానికి కంతి సగమైంది, నెత్తురు ఆగింది. నాలుగోవారం ఒక పీజీ అమ్మాయి ఒళ్ళో పట్టుకుంది. చూస్తుండగానే ఆమె బొటనవేలు సరిగ్గా తిరిగింది. అయిదోవారం వెతికితే కంతి కనిపించలేదు.

నెల తర్వాత అటుగా స్కూటర్ మీద వెళ్తూ ఆపాను. దూరం నుంచే నన్ను చూసి చెట్టు వెనక్కి ఉరికింది. అక్కణ్ణుంచి మొరుగుడు, దానికి తోడు ఇంకో మూడు. వాచ్‌మన్ నవ్వాడు. "ఇగ రాకున్రి సార్. మీ బండి సప్పుడు గుర్తువడుతాంది."