హైలాండర్ భోజనాల బల్ల

1955 వేసవిలో రోసా పార్క్స్ మాంట్‌గోమరీ నుంచి టెనెసీ కొండల్లోని ఒక బడికి రెండు వారాల శిక్షణకు వెళ్లారు. ఆమె డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో కుట్టుపని చేసే నల్లజాతి స్త్రీ. ఆ రోజుల గురించి తర్వాత చెప్పినప్పుడు, పొద్దున్నే వంటింట్లోంచి వచ్చిన కాఫీ వాసనను ఇష్టంగా తలచుకున్నారు. ఆ కాఫీ కాస్తున్నది తెల్లవాళ్లు, తాగబోయేది తను. తరతరాలుగా తెల్లవాళ్ల ఇళ్లలో వండి వార్చిన జాతికి అదెంత పెద్ద సంగతో మనకు విడమరచి చెప్పనక్కర్లేదు. అదే ఏడాది డిసెంబర్ 1న ఆమె బస్సులో తెల్ల ప్రయాణికుడి కోసం సీటు వదలనన్నారు.

ఆ బడి పేరు హైలాండర్ ఫోక్ స్కూల్. ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1932లో, మైల్స్ హోర్టన్, డాన్ వెస్ట్ కలిసి మాంటీగిల్ దగ్గర మొదలుపెట్టారు. గని కార్మికులు, మిల్లు కార్మికులు, అడవిలో కలప కొట్టేవాళ్లు వచ్చేవారు. అంతకుముందే హోర్టన్ డెన్మార్క్ వెళ్లి, పెద్దవాళ్లు ఒకేచోట ఉంటూ, తింటూ, పాడుతూ చదువుకునే బడులను చూసి వచ్చారు. హైలాండర్‌లోనూ పరీక్షల్లేవు, పట్టాల్లేవు.

అమెరికాలో ఉంటున్న మన కుటుంబాలకు పాట్‌లక్ బాగా అలవాటు. ఒకరు పులిహోర, ఒకరు గుత్తివంకాయ, ఇంకొకరు పెరుగన్నం తెస్తారు. పెట్టే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి అని తేడా ఉండదు, ఎవరూ ఎవరికీ రుణపడరు. హోర్టన్ చర్చలు నడిపింది సరిగ్గా ఈ లెక్కనే. కుర్చీలు గుండ్రంగా వేసేవారు. కోసేసిన కూలి, ఓడిపోయిన సమ్మె, ఎవరి అనుభవం వాళ్లు తెచ్చి నలుగురి మధ్యా పెట్టాలి. కష్టం ఎవరిదో దాని సంగతి వాళ్లకే బాగా తెలుసని ఆయన నమ్మకం. చివర్లో మాత్రం అందరినీ ఒకటే అడిగేవారు: ఊరికి వెళ్లి ఏం చేస్తారు? మాంట్‌గోమరీ జనం కలిసికట్టుగా నిలబడతారన్న ఆశ తనకు లేదని పార్క్స్ ఆనాడు చెప్పారు. ఆ నిజాయితీకి కూడా అక్కడ చోటుంది.

తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒక బల్ల దగ్గర తినడాన్ని ఆ ప్రాంతపు చట్టమూ ఆచారమూ రెండూ సహించని కాలమది. 1944లో ఆటో కార్మికుల సంఘం వారి శిక్షణకు రెండు జాతుల వాళ్లూ కలిసి వచ్చారు. ఇది ఎలా సాధ్యమైందని అడిగినవాళ్లకు హోర్టన్ జవాబు చాలా సాదాగా ఉండేది: వంట చేస్తాం, బల్ల మీద పెడతాం, తింటాం. ముందు ఉపన్యాసం చెప్పి మనసులు మార్చి, ఆ తర్వాత పంక్తిలో కూర్చోబెడదామంటే ఆ రోజు ఎప్పటికీ రాదు. ఈ విద్యలోని కిటుకు అంతా ఆ వరసలోనే ఉందని నాకనిపిస్తుంది.

పాటలనూ అలాగే తెమ్మనేవారు హోర్టన్ భార్య జిల్ఫియా. దక్షిణ కరోలినాలోని చార్ల్స్‌టన్‌లో పొగాకు కార్మికులు 1945-46లో సమ్మె చేశారు, వాళ్లలో ఎక్కువమంది నల్లజాతి స్త్రీలు. సమ్మెలో పాడుకున్న పాటను 1946లో హైలాండర్‌కు తెచ్చి ఆమెకు నేర్పారు. అదే తర్వాత ‘వి షల్ ఓవర్‌కమ్’ అయింది. మన బడుల్లో పిల్లలు పాడే ‘హమ్ హోంగే కామ్‌యాబ్’ దాని హిందీ రూపమే.

ప్రభుత్వం ఈ బడిని ఏ నెపంతో మూయించిందో చూడండి. అక్కడ బీరు తాగినవాళ్లు, మళ్లీ కొనడానికని తలా కొంత డబ్బు వేసేవారు. లైసెన్సు లేకుండా మద్యం వ్యాపారం చేస్తున్నారని, హోర్టన్ సొంత లాభం చూసుకున్నారని తేల్చి 1961లో అనుమతి రద్దు చేశారు. ఆస్తిని వేలం వేశారు. హైలాండర్ పేరు మార్చుకుని నాక్స్‌విల్‌కు, అక్కడి నుంచి న్యూ మార్కెట్‌కు వెళ్లి నేటికీ పనిచేస్తోంది.

కలిసి తినడంలోని బలం మనకూ తెలుసు. కేరళలో సంఘ సంస్కర్త సహోదరన్ అయ్యప్పన్ 1917లో చెరాయిలో మిశ్రభోజనం పెట్టి సొంత కులం ఆగ్రహానికి గురయ్యారు. ఇక్కడ ఆంధ్రలో నాస్తికవాది గోరా సహపంక్తి భోజనాలు నడిపారు. అదే నేల మీద ఇప్పుడు కార్తీక వనభోజనాలు కులసంఘాల పేర్లతో, ఒక్కో తోటలో ఒక్కో కులంగా జరగడం చూస్తుంటే బాధ కలుగుతుంది. ఉసిరిచెట్టు నీడ అందరిదీ. ఆ నీడలోనే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, పారిశుద్ధ్య కార్మికురాలు తమ ఇంటి కూర గిన్నెతో వచ్చి కూర్చుంటే, కూలి రేట్ల చరిత్ర వాళ్ల నోటితోనే వినవచ్చు.

అలాంటి సభ పెట్టేవాళ్లు ఒకటి గమనించాలి. ‘తలా ఒక వంటకం’ అన్న నియమమే పేదవాళ్లను గడప బయట నిలబెట్టగలదు. రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చేవాళ్లు ఏం వండుకొస్తారు? కూరలు తరగడం, గిన్నెలు కడగడం, పిల్లలను చూసుకోవడం కూడా వంటకంతో సమానమైన వాటాగా ముందే చెప్పాలి. ఆ పనులు మళ్లీ ఆడవాళ్లకూ, అలవాటుపడ్డ చేతులకూ మాత్రమే మిగిలిపోకుండా చూడాలి. యూనియన్ నాయకుడైనా, ప్రొఫెసరైనా తినగానే కొళాయి దగ్గరకు నడవాలి, చర్చ అక్కడే మొదలుపెట్టినా ఫరవాలేదు.