కథకెక్కని చదువు

తెలుగు, బెంగాలీ సాహిత్యాలు రెండింటిలోనూ వితంతువుకు చివర ఒక ప్రయాణం రాసిపెట్టి ఉంటుంది. రవీంద్రుని 'చోఖేర్ బాలి'లో వినోదిని కాశీకి వెళుతుంది. శరత్ 'పల్లీ సమాజ్'లో రమ వెళ్లేదీ కాశీకే. గురజాడ 'కన్యాశుల్కం'లో బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపుతారు. సతీసహగమనాన్ని నిషేధించిన 1829 శాసనం, వితంతు పునర్వివాహాన్ని చట్టబద్ధం చేసిన 1856 శాసనం వెలువడిన నగరం కలకత్తా. ఆ చర్చల వేడి సోకిన రచయితల సానుభూతిని శంకించనక్కరలేదు. కాని బండి దిగిన తరువాత ఆ స్త్రీలు ఏమి చేశారన్నది వారు చెప్పలేదు. ముగ్గురిలో గురజాడ ఒక్కడే చదువు వైపు చూశాడు. బుచ్చమ్మ చేతికి పుస్తకం వచ్చేలోపే ఆయన తెర దించేశాడు.

ఆగిన చదువును తిరిగి పట్టుకుని ఒక సాంకేతిక వృత్తిలో ప్రవేశించిన స్త్రీ కథ మన సాహిత్యంలో ఎంత అరుదో తెలియాలంటే, అటువంటి జీవితం ఒకటి నిజంగా నడిచిందని గుర్తు చేసుకోవాలి. అది తెలుగు జీవితం. సగానికి పైగా కలకత్తాలో గడిచినది.

అయ్యలసోమయాజుల లలిత 1919లో మద్రాసులో ఒక తెలుగు కుటుంబంలో జన్మించారు. పదిహేనవ ఏట వివాహమైంది. 1937లో భర్త మరణించేనాటికి ఆమెకు 18 ఏండ్లు, ఒడిలోని కుమార్తెకు నాలుగు నెలలు. పెళ్లి తరువాత మెట్రిక్యులేషన్‌తో నిలిచిపోయిన చదువును ఆమె మళ్లీ మొదలుపెట్టారు. క్వీన్ మేరీస్ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి, 1940లో గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చేరారు. తండ్రి పప్పు సుబ్బారావు అక్కడ ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఆచార్యులు. ప్రిన్సిపాల్ కె.సి. చాకోను, విద్యాశాఖ డైరెక్టరు ఆర్.ఎం. స్టాథమ్‌ను ఒప్పించినది ఆయనే. ఈ సంగతిని దాచి లలితను ఒంటరి వీరనారిగా చిత్రించడం ఆమె జీవితానికి న్యాయం కాదు. అటువంటి పుట్టిల్లు లేని వితంతువులకు ఆనాడు ఏ ప్రిన్సిపాలూ అందుబాటులో లేడు.

ఆమె వైద్యవిద్యను కాదని ఇంజనీరింగును ఎన్నుకున్న కారణం నవలాకారులెవరికీ తట్టనంత సామాన్యమైనది. వైద్యురాలికి అర్ధరాత్రి పిలుపు వస్తుంది. పసిబిడ్డ తల్లికి వేళ ప్రకారం ముగిసే ఉద్యోగం కావాలి. కుమార్తె తరువాతి కాలంలో చెప్పిన మాట ఇది. ఆశయాలు, ప్రతిజ్ఞలు, కన్నీటి ఘట్టాలు ఏవీ లేవు; బిడ్డ నిద్రవేళను బట్టి లెక్కించిన నిర్ణయం. వితంతువు జీవితాన్ని త్యాగంగానో తిరుగుబాటుగానో మాత్రమే చదవడానికి అలవాటుపడిన పాఠకుడు ఇక్కడ తడబడతాడు.

తరువాత చేరిన లీలమ్మ జార్జి, పి.కె. త్రేస్యా సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థినులు. యుద్ధకాలంలో చదువు గడువును కుదించడంతో ముగ్గురూ ఒకేసారి పట్టభద్రులయ్యారు. పట్టాలపై ముందే అచ్చయి ఉన్న పురుషవాచక సర్వనామాన్ని కొట్టివేసి, స్త్రీవాచకాన్ని చేతితో వ్రాయవలసి వచ్చింది.

ఈ వితంతువు ఎక్కిన రైలు కాశీకి పోలేదు. ఆచరణాత్మక శిక్షణ కోసం ఆమె వెళ్లినది బీహారులోని జమాల్‌పూర్ రైల్వే కర్మాగారానికి. సిమ్లాలోని కేంద్ర ప్రమాణాల సంస్థలో రెండేళ్లకు పైగా పనిచేశాక, 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. విద్యుత్ ప్రసార లైన్ల రూపకల్పన ఆమె పని. భాక్రా నంగల్ ప్రాజెక్టు జనరేటర్లకు సంబంధించిన పనిలోనూ పాలుపంచుకున్నారు. 1953లో లండన్ ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ అసోసియేట్ సభ్యత్వం ఇచ్చింది, 1966లో పూర్తి సభ్యత్వం లభించింది. 1977లో ఉద్యోగ విరమణ చేశారు, 1979లో మరణించారు.

ఆ దశాబ్దాల కలకత్తాను చలనచిత్రానికెక్కించిన సత్యజిత్ రాయ్ 'మహానగర్' 1963లో వచ్చింది. నరేంద్రనాథ్ మిత్ర కథ 'అవతరణిక' దానికి ఆధారం. గృహిణి ఆరతి ఉద్యోగానికి బయలుదేరితే ఇల్లంతా కంపించడాన్ని రాయ్ చూపినంత సూక్ష్మంగా మరెవరూ చూపలేదు. ఆరతి చేతిలోనూ యంత్రం ఉంది, అల్లిక యంత్రం. ఆమె దానిని ఇంటింటికీ తిరిగి అమ్ముతుంది. యంత్రం ఇక్కడ సరుకు మాత్రమే. దాని లోపలి తర్కం కథకు అవసరం లేదు. అదే నగరంలో, అదే కాలంలో, యంత్రం లోపలి తర్కమే జీతానికి ఆధారమైన స్త్రీ ఒకరు ఉన్నారని ఆ చిత్రం చూసినవారెవరూ ఊహించలేరు. ఇది రాయ్ దోషం కాదు. ఆయన ఎన్నుకున్న ఇల్లు వేరు.

తెలుగు సంగతికి ఆ సాకు చెల్లదు. 1960ల దశకంలో మన పాఠకులను ఊపివేసిన ఉద్యోగిని యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' నాయిక జయంతి. ఆత్మాభిమానంలో ఆమెకు సాటి తక్కువ. కాని నవల ఉత్కంఠ అంతా యజమాని రాజశేఖరం మనసు చుట్టూ తిరుగుతుంది. జయంతి చేసే పని ఏమిటో పుస్తకం మూసిన తరువాత గుర్తుండదు. ఆనాటి నవలల్లో ఇంజనీరు అంటే తరచు నాయకుడే. పెళ్లి సంబంధానికి పనికివచ్చే అర్హత.

లలిత గురించి నేడు వస్తున్న వ్యాసాల లోపం ఇంకొకటి. దేశంలో తొలి మహిళా ఇంజనీరు అన్న బిరుదుతో మొదలై దానితోనే ముగుస్తాయి. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల ప్రథమ అంతర్జాతీయ సమావేశానికి ఆమె హాజరైన ఘట్టం వాటన్నిటికీ ప్రీతిపాత్రం. నూటయాభై ఏండ్ల క్రితమైతే తననూ భర్త చితిపై దహించి ఉండేవారని అక్కడ ఆమె అన్నట్లు చెబుతారు. మాట బలమైనదే. అది మళ్లీ వినోదిని, రమల కథలోకే ఆమెను లాక్కుపోతుంది. మిగిలిన ముప్పై ఏండ్ల కలకత్తా మధ్యాహ్నాలు ఏ వ్యాసంలోనూ లేవు.

ఆ మధ్యాహ్నాలను వ్రాయదలచిన రచయిత తెలుసుకోవలసినది చాలా ఉంది. రెండు స్తంభాల నడుమ తీగను బిగుతుగా కట్టరాదు, కొంత వేలాడనివ్వాలి. వేసవిలో అది సాగి నేలకు దగ్గరవుతుంది, చలికాలంలో కుంచించుకుని స్తంభాలను లాగుతుంది. గాలివేగం, తీగ బరువు, స్తంభాల మధ్య దూరం కలిపి, ఎంత వదులు ఉంచాలో ముందుగా కాగితంపై తేల్చాలి.