ఒకే ఏడాది, రెండు ధ్రువ రాత్రులు

1934లో ఇద్దరు మనుషులు భూమికి చెరో కొసన, ఇంచుమించు ఒకే అక్షాంశం దగ్గర చలికాలం గడపడానికి వెళ్లారు. అమెరికా నౌకాదళ అధికారి రిచర్డ్ బర్డ్ అంటార్కిటికాలో 80 డిగ్రీలు దాటి, మంచులో పూడ్చిన గదిలో ఒంటరిగా ఉన్నాడు. ఆస్ట్రియా చిత్రకారిణి క్రిస్టియానె రిట్టర్ భర్త దగ్గరికని వెళ్లి, స్పిట్స్‌బెర్గెన్ ఉత్తర తీరంలో ఓ వేటగాళ్ల గుడిసెలో దిగింది. అది 80 డిగ్రీలకు కాస్త ఇవతల. బర్డ్ రాసిన ‘అలోన్’, రిట్టర్ జర్మన్‌లో రాసి ఇంగ్లిష్‌లో ‘ఎ వుమన్ ఇన్ ద పోలార్ నైట్’గా పేరుపడిన పుస్తకం రెండూ 1938లోనే అచ్చయ్యాయి.

ఇద్దరి చీకటికీ కారణం ఒకటే. భూమి అక్షం 23.4 డిగ్రీలు ఒరిగి, ఏడాది పొడుగునా ఆ ఒరుగుడు మార్చుకోకుండానే సూర్యుడి చుట్టూ తిరుగుతుంది. దానివల్ల హైదరాబాదులో అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ మధ్య వచ్చే తేడా రెండు గంటలే. 80 డిగ్రీల దగ్గర మాత్రం సూర్యుడు నాలుగు నెలలు క్షితిజం పైకే రాడు, వేసవిలో నాలుగు నెలలకు పైగా అస్తమించడు. బర్డ్‌కు ఆ రాత్రి ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా, రిట్టర్‌కు అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా. లెక్క తీస్తే బర్డ్ రాత్రే కొన్ని రోజులు ఎక్కువ. జూలైలో భూమి సూర్యుడికి దూరంగా ఉండి నెమ్మదిగా కదులుతుంది కనుక దక్షిణార్ధగోళపు చలికాలం సాగుతుంది.

పుస్తకాల్లో మాత్రం ఆ రెండు రాత్రులకూ పోలికే లేదు. బర్డ్‌ది కొలిచే బుద్ధి. గాలి వేగం, ఉష్ణోగ్రత, రేడియోలో మాట్లాడే వేళ అన్నీ రాసిపెడతాడు. నడకకు వెళితే దారి తప్పకుండా వెదురు కర్రలు పాతుకుంటూ పోతాడు. ఒకసారి ఆ కర్రల వరస దాటిపోయి, తిరిగి దాన్ని వెతుక్కునే ఘట్టం చదువుతుంటే చెమట పడుతుంది. అయితే అతని ప్రాణం మీదికి తెచ్చింది చీకటి కాదు, స్టవ్ నుంచీ రేడియో జనరేటర్ నుంచీ వచ్చిన కార్బన్ మోనాక్సైడ్. ఆ సంగతి ప్రధాన శిబిరానికి తెలియనివ్వకుండా మోర్స్ సందేశాలు పంపుతూ వచ్చాడు. ఆగస్టులో ముగ్గురు ట్రాక్టర్ మీద వచ్చేదాకా అలాగే నెట్టుకొచ్చాడు. అక్కడి నుంచి పుస్తకం విషవాయువు కథ అయిపోతుంది, రాత్రి వెనక కట్టిన తెర.

రిట్టర్ వెళ్లేటప్పుడు హాయిగా పుస్తకాలు చదువుకోవచ్చు, కంటినిండా నిద్రపోవచ్చు అనుకుంది. తీరా చూస్తే పొగ కక్కే స్టవ్, మసి, తలుపును పూడ్చేసే మంచు. మగవాళ్లు వేటకు పోయినప్పుడు తుఫానులో ఒక్కతే పార పట్టుకుని మంచు ఎత్తిపోసింది. ఇంత చాకిరీ మధ్యనే ఆమె కన్ను పనిచేస్తుంది. చీకటి ఒకే రంగు కాదని ముందు గమనించింది ఆ చిత్రకారిణి కన్నే. సూర్యుడు వెళ్లిపోయిన తొలి వారాల్లో మధ్యాహ్నం పూట సందె వెలుగు మిగిలే ఉంటుంది. ఇక నడి చలికాలపు పున్నమి చంద్రుడు సూర్యుడికి ఎదురుగా ఉంటాడు కాబట్టి రోజుల తరబడి అస్తమించకుండా ఆకాశంలో చుట్టూ తిరుగుతాడు. ఆ వెన్నెల రిట్టర్‌కు మత్తులా ఎక్కే పేజీలకు సాటి వచ్చేవి బర్డ్‌లో నాకు కనపడలేదు.

పోలిక పూర్తిగా న్యాయమైంది కాదు, ఒప్పుకోవాలి. ఆమెకు భర్త తోడున్నాడు, మరో నార్వే వేటగాడూ ఉన్నాడు. బర్డ్‌కు రేడియోలో గొంతులే దిక్కు. పైగా రిట్టర్ ప్రశాంతత కొన్నిచోట్ల మరీ త్వరగా కుదిరిపోతుంది, బర్డ్ భయమే నమ్మబుద్ధేస్తుంది. అయినా ధ్రువ రాత్రి ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే రిట్టర్‌నే చేతికిస్తాను. బర్డ్‌ను అక్కడ చలికాలం ఉండబోయేవాళ్లకు ఇస్తాను, పొగగొట్టం సంగతి ముందే చూసుకుంటారని.